జాకీ చాన్ సినిమా చెప్పమంటే నేనడిగే మూడు ప్రశ్నలు

"ఆదివారం పిల్లలతో కలిసి చూడ్డానికి మంచి జాకీ చాన్ సినిమా ఒకటి చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. పక్కన ఎవరెవరు కూర్చుంటారు? కింద వచ్చే సబ్‌టైటిల్స్ చదివే ఓపిక ఉందా? ఆమధ్య మీరు కడుపు పట్టుకుని నవ్విన తెలుగు సీన్ ఏది? మొదటి రెండూ ఎవరైనా అడిగేవే. నాకు దారి చూపించేది మూడోది.

ఎందుకంటే నవ్వు ఒక్కొక్కరికి ఒక్కో చోట పుడుతుంది. జంధ్యాల మాటల విరుపుకి నవ్వేవాళ్ళున్నారు. బ్రహ్మానందం ఏమీ మాట్లాడకుండా చూసే చూపుకి నవ్వేవాళ్ళున్నారు. ఇ.వి.వి. సినిమాల్లో ఇంటినిండా జనం చేసే గోలకి నవ్వేవాళ్ళున్నారు. శ్రీను వైట్ల తరహాలో హీరో వేరే వేషంలో విలన్ ఇంట్లో దూరి, అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోతే నవ్వేవాళ్ళున్నారు. ఆసియా యాక్షన్ కామెడీల్లో వీళ్ళందరికీ తగిన సినిమాలున్నాయి. కాని ఒకరికి నచ్చేది ఇంకొకరికి పెడితే ఇరవయ్యో నిమిషంలో ఫోన్ తీస్తారు. తప్పు సినిమాదీ కాదు, చూసేవాళ్ళదీ కాదు. ఎంచి పెట్టినవాళ్ళది.

మన దగ్గర చాలాకాలం ఫైటూ కామెడీ వేరువేరు కాపురాలు. హీరో పదిమందిని లేపి కొట్టాక, వేరే ఊళ్ళో వేరే మనుషులతో కామెడీ ట్రాక్ మొదలయ్యేది. హాంకాంగ్ వాళ్ళు ఆ రెంటినీ ఒకే ఒంట్లో పెట్టారు. కొట్టేవాడే జారిపడతాడు, జారిపడ్డవాడే నవ్విస్తాడు. అందుకే ఈ సినిమాల్ని పోల్చేటప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే. నవ్వు దెబ్బలోనే ఉందా, దెబ్బని దాటిపోయి ఉందా, దెబ్బ పక్కన ఉందా? ఇది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

నవ్వు దెబ్బలోనే ఉండేవి

ఇది జాకీ చాన్ ఇల్లు. 1954లో హాంకాంగ్‌లో పుట్టిన ఈయన్ని చిన్నప్పుడే పెకింగ్ ఒపెరా (పాటా, ఆటా, సాము కలిసిన చైనా సంప్రదాయ నాటకం) నేర్పే బడిలో చేర్చారు. గురువు పేరు యు జిమ్-యువెన్. పల్టీలు, కత్తిసాము, పాట, ముఖంలో భావం పలికించడం, చేతుల మీద తలకిందులుగా నిలబడడం, అన్నీ ఒకే చూరు కింద నేర్పిన బడి అది. ఆ ఒపెరాలో విదూషకుడిది ప్రధాన పాత్రల్లో ఒకటి. పల్టీలు కొడుతూ నవ్వించే విదూషకుడి పాత్ర ప్రత్యేకంగా ఉంటుంది. అంటే కొట్టడమూ నవ్వించడమూ అక్కడ రెండు చదువులు కావు. మన సురభి కుటుంబాల పిల్లలు రంగస్థలం మీదే పెరిగి, ఆటా పాటా మాయా మర్మం కలిపి నేర్చుకున్నట్టే. సామో హంగ్, యువెన్ బియావ్, యువెన్ వా, కోరీ యువెన్ కూడా ఆ బడి పిల్లలే. ఈ పేర్లు కింద మళ్ళీ వస్తాయి.

జాకీ చాన్ ఫైట్‌లో మూడు సంగతులు గమనించండి. ఒకటి, ఆయనకి నొప్పి పుడుతుంది. ఎదుటివాడి దవడ మీద గుద్ది, ఆ చెయ్యి తనే విదిలించుకుంటాడు. గాలిలో ఎగిరే హీరోని చూసి చప్పట్లు కొడతాం గాని, చెయ్యి నొప్పెట్టి ఊదుకునే హీరోని చూస్తే మనవాడే అనిపిస్తుంది. రెండు, చేతికి దొరికిందల్లా ఆయుధమే. కుర్చీ, గొడుగు, సైకిల్ అన్నీ వాడతాడు. 1996 నాటి ఫస్ట్ స్ట్రైక్‌లో ఒక అల్యూమినియం నిచ్చెనని ఎత్తి, తిప్పి, మడిచి, మెట్ల మధ్యలోంచి దూరి చేసిన ఫైట్ చూస్తే, మీ ఇంట్లో నిచ్చెన మళ్ళీ మామూలుగా కనపడదు. మూడు, కెమెరా దూరంగా ఉంటుంది. తలనుంచి పాదం దాకా మనిషి కనిపిస్తాడు. దెబ్బ తగిలిన షాట్ చివరి క్షణాన్ని తర్వాతి షాట్ మొదట్లో మళ్ళీ కొంచెం చూపిస్తారు. కంటికి అది రెండు దెబ్బల్లా తెలియదు, ఒకే గట్టి దెబ్బలా అందుతుంది. సెకనుకో కట్ వేసి కెమెరాని ఊపేసే ఫైట్లలో ఎవరు ఎవర్ని కొట్టారో తెలియక విసుగెత్తినవాళ్ళకి నేను ముందు ఇవే పెడతాను.

సరే, ఇందులో ఏది ముందు? నా పోటీ ఎప్పుడూ ప్రాజెక్ట్ ఎ (1983), పోలీస్ స్టోరీ (1985), డ్రంకెన్ మాస్టర్ రెండో భాగం (1994), ఈ మూడింటి మధ్యే.

ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి కూర్చుంటే ప్రాజెక్ట్ ఎ. పాతకాలపు హాంకాంగ్, సముద్రపు దొంగలు, వాళ్ళని పట్టుకోవాల్సిన తీర రక్షక దళం, వీళ్ళకీ పోలీసులకీ పడకపోవడం. కథ ఇంతే. సామో హంగ్, యువెన్ బియావ్ కూడా ఉన్నారు కాబట్టి నవ్వు ఒక్కరి భుజాల మీద పడలేదు. ఇరుకు సందుల్లో సైకిల్ ఛేజ్ వస్తుంది. అక్కడ ఒక్క డైలాగూ అక్కర్లేదు, ఏ భాష ప్రింటు దొరికినా నష్టం లేదు. తర్వాత గడియారపు స్తంభం. ముల్లుకి వేలాడుతూ చెయ్యి జారి, కింద కట్టిన రెండు గుడ్డ పందిళ్ళని చించుకుంటూ నేల మీద పడతాడు. డూప్ లేడు. 1923 నాటి మూకీ సినిమాలో అమెరికన్ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ గడియారానికి వేలాడిన సీనుకి ఇది నమస్కారం. లాయిడ్ వేలాడాడు, జాకీ చాన్ పడి చూపించాడు. ఒకసారి పడితే చాలదన్నట్టు వేరే టేక్ కూడా సినిమాలోనే చూపించారు. ఎనభై ఏళ్ళ మామ్మ అయినా, ఎనిమిదేళ్ళ పిల్లాడైనా ఆ క్షణంలో ఒకేలా నోరు తెరుస్తారు. మొదటి సినిమా ఇదే అవ్వాలని నా పట్టుదల.

స్నేహితులతో అయితే పోలీస్ స్టోరీ. ఇది ఎక్కువ కోపం ఉన్న సినిమా. మొదట్లోనే కొండవాలు మీద గుడిసెల మధ్యనుంచి కార్లు కిందికి దూసుకొస్తాయి. తర్వాత డబుల్ డెక్కర్ బస్సుకి గొడుగు పిడి తగిలించి వేలాడుతూ వెంటపడతాడు. చివర షాపింగ్ మాల్‌లో అద్దాలు పగిలినంతగా ఇంకే సినిమాలోనూ పగిలి ఉండవు. యూనిట్ వాళ్ళే దీన్ని గ్లాస్ స్టోరీ అని పిలుచుకున్నారట. లైట్లు చుట్టిన పొడవాటి స్తంభాన్ని పట్టుకుని పైఅంతస్తు నుంచి కింది దాకా జారే షాట్‌కి ఆయన అరచేతులు కాలాయి. ఈ గోల మధ్యలో పోలీస్ స్టేషన్‌లో ఒక్కడే కూర్చుని నాలుగైదు ఫోన్లకి ఒకేసారి జవాబు చెబుతూ, తీగల్లో చిక్కుకుపోయే సీన్ ఉంది. చేతికి మట్టి అంటకుండా నవ్వించడమూ ఆయనకి వచ్చని చెప్పడానికి నేను ఆ సీన్ చూపిస్తాను. ఒక్క హెచ్చరిక. ప్రియురాలి పాత్రని విసిగించే జోకులు కొన్ని ఈనాటి కళ్ళకి మోటుగా ఉంటాయి. మ్యాగీ చుంగ్ లాంటి గొప్ప నటిని ఇంతే వాడుకున్నారా అని నాకు ప్రతిసారీ బాధ వేస్తుంది.

ఫైట్‌ని నాట్యంలా చూసేవాళ్ళకి డ్రంకెన్ మాస్టర్ రెండో భాగం. ఇందులో ఇంకో నిధి ఉంది. అనితా ముయ్ జాకీ చాన్‌కి సవతి తల్లిగా వేసింది. నిజానికి వయసులో ఆమె ఆయనకంటే తొమ్మిదేళ్ళు చిన్న. భర్త ముందు అమాయకంగా, భర్త అటు తిరగ్గానే జూదపు రాణిలా, ఆ మార్పు చూసి తీరాలి. ఇంట్లో అబద్ధాల నాటకం నడిచే కామెడీ ఇష్టమైనవాళ్ళు ఆవిడ కోసమే ఈ సినిమా రెండోసారి చూస్తారు. చివర ఫ్యాక్టరీలో కెన్ లో కాళ్ళతో చేసిన యుద్ధం, నిప్పుల మీద జాకీ చాన్ వెనక్కి పాకడం... నా లెక్కలో ఆయన మొత్తం జీవితంలో ఇంతకు మించిన ఫైట్ లేదు. అమెరికాలో 2000లో ఇంగ్లీషు డబ్బింగ్‌తో వచ్చిన ప్రింటులో సంగీతం మార్చారు, ఆఖరి జోకు తీసేశారు. వీలైతే హాంకాంగ్ ప్రింటు వెతకండి. కథ మొత్తం తాగుడు చుట్టూ తిరుగుతుంది కాబట్టి చిన్నపిల్లలకి మొదటి సినిమాగా మాత్రం పెట్టను.

దీని మొదటి భాగం 1978లో వచ్చింది, దర్శకుడు యువెన్ వూ-పింగ్. ముసలి గురువుగా వేసింది దర్శకుడి తండ్రే. గురువు పెట్టే బాధలు, శిష్యుడి తిప్పలు చూసి బాగా నవ్వొస్తుంది గాని, వేగం ఈనాటి పిల్లలకి నెమ్మది. అదే ఏడాది, అదే జట్టు తీసిన స్నేక్ ఇన్ ద ఈగిల్స్ షాడోలో నిజం పిల్లికీ నిజం నాగుపాముకీ పోట్లాట పెట్టారు. జంతువుల్ని హింసించే సీన్లు చూడలేనివాళ్ళు దాన్ని వదిలేయండి.

వీల్స్ ఆన్ మీల్స్ (1984) గురించి నిజం చెప్పాలి. బార్సిలోనాలో తీశారు, జాకీ చాన్, యువెన్ బియావ్ బండిలో తిండి అమ్ముకునే కుర్రాళ్ళు, దర్శకత్వం సామో హంగ్. కథ నీరసంగా సాగుతుంది. కాని చివర కోటలో బెన్నీ ఉర్కిడెజ్ అనే నిజం కిక్ బాక్సర్‌తో జాకీ చాన్ పోట్లాడతాడు. బెన్నీ తన్నిన తన్ను గాలికి కొవ్వొత్తులు ఆరిపోతాయి. ఆ ఫైట్ కోసం సినిమా మొత్తం భరించవచ్చు. మొదటిసారి చూసేవాళ్ళని మాత్రం భరించమని అడగలేను.

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి. జాకీ చాన్ మన దేశంలో తీసిన సినిమాలు కదా అని ముందు అవే ఎంచుకుంటారు. ద మిత్ (2005) కొంత హంపిలో తీశారు, మల్లికా షెరావత్ ఉంది. కుంగ్ ఫూ యోగా (2017) జోధ్‌పూర్ దాకా వచ్చింది, మన అరుంధతి పశుపతి సోనూ సూద్ అందులో విలన్. తెలిసిన ఊళ్ళు, తెలిసిన ముఖాలు కనిపించడం సంతోషమే. కాని అప్పటికి ఆయన వయసు మీద పడింది, తాళ్ళూ గ్రాఫిక్సూ పెరిగాయి. ముందు వీటిని చూసినవాళ్ళు "జాకీ చాన్ అంటే ఇంతేనా" అనుకుని ఆగిపోతారు. మా అక్క కొడుకు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాణ్ణి మళ్ళీ ప్రాజెక్ట్ ఎ ముందు కూర్చోబెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నవ్వు దెబ్బని దాటిపోయేవి

స్టీఫెన్ చౌ దారి వేరు. 1962లో పుట్టాడు. టీవీలో పిల్లల కార్యక్రమం నడిపే కుర్రాడిగా మొదలై, 90ల్లో హాంకాంగ్‌ని ఊపేసిన కమెడియన్ అయ్యాడు. ఆయన కామెడీకి హాంకాంగ్‌లో మాట్లాడే కాంటోనీస్ భాషలో మో లే తావ్ అని పేరు. అర్థం దాదాపుగా మన "తలా తోకా లేనిది" అన్న మాటే. మాట ఒక చోట మొదలై ఇంకెక్కడో తేలుతుంది. గంభీరమైన సీన్ మధ్యలో ఎవరో సంబంధం లేని పని చేస్తారు. 90ల నాటి ఆయన సినిమాలు చాలావరకు భాషతో ఆడుకున్న ఆటలు. జంధ్యాల సినిమాని వేరే భాషలో సబ్‌టైటిల్స్‌తో చూపిస్తే ఎంత మిగులుతుంది? అంతే మిగులుతుంది వాటిలోనూ. అందుకే మాటల కామెడీ ఇష్టమని చెప్పినవాళ్ళకి ఆ సినిమాలు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలదు.

తర్వాతి రెండు మాత్రం భాషని దాటాయి. షావొలిన్ సాకర్ (2001), కుంగ్ ఫూ హజిల్ (2004). రెండూ ఆ ఏటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రాలు. ఇక్కడ దెబ్బ నిజం కాదు, నిజమనిపించాలన్న కోరికా లేదు. బంతిని తంతే నిప్పు పుడుతుంది, గోల్‌పోస్టు ఎగిరిపోతుంది. ఇంటి ఓనరమ్మ అరిస్తే సుడిగాలి లేస్తుంది. జాకీ చాన్ దగ్గర మన శరీరానికి హద్దు ఎక్కడో తెలుస్తూ ఉంటుంది, అందుకే భయంతో నవ్వుతాం. చౌ దగ్గర హద్దే లేదు, చిన్నప్పుడు చందమామలో చదివిన మాయలు కళ్ళముందు జరుగుతుంటే నవ్వుతాం. మన మాస్ సినిమాల్లో హీరో తొడ కొడితే సుమోలు లేచే సీన్లని మనసారా ఇష్టపడేవాళ్ళకి చౌ వెంటనే అందుతాడు.

ఈ రెంటిలో ఏదంటే, పిల్లలున్న ఇంటికి షావొలిన్ సాకర్. దరిద్రంలో ఉన్న అన్నదమ్ములు, కాలు విరిగి అవమానపడ్డ పాత ఆటగాడు కోచ్ అవడం, చివర పెద్ద మ్యాచ్. మనకి బాగా తెలిసిన కథే. రొట్టెలు చేసే అమ్మాయి తాయ్ చీతో (నెమ్మదిగా కదిలే చైనా యుద్ధవిద్య) పిండి పిసికే సీన్లు నాకు ఆటకంటే ఇష్టం. అమెరికా ప్రింటులో చాలా కత్తిరించారు. నిడివి గంటన్నర కంటే తక్కువ కనిపిస్తే అది కోత పడ్డదని అర్థం.

కుంగ్ ఫూ హజిల్ ఇంకా పెద్ద సినిమా, నా మనసుకి ఇంకా దగ్గర. పాత షాంఘై, పంది దొడ్డి అని పేరున్న పేదల వాడ, గొడ్డళ్ళ ముఠా. వాడలో కూలీ, దర్జీ, తినుబండారాలు చేసేవాడు ముగ్గురూ దాక్కున్న మహావీరులు. తలకి రోలర్లు చుట్టుకుని, నోట్లో సిగరెట్ పెట్టుకుని, నీళ్ళ కుళాయి కట్టేసే ఆ ఇంటి ఓనరమ్మ యువెన్ చూ, ఆమె భర్త యువెన్ వా. ఇద్దరూ జాకీ చాన్ చదివిన బడి వాళ్ళే. యువెన్ వా ఒకప్పుడు బ్రూస్ లీకి డూప్. జీవితమంతా ఎవరి వెనకో నిలబడి పల్టీలు కొట్టినవాళ్ళకి, వయసయ్యాక చౌ ముందు వరుసలో కుర్చీ వేశాడు. ఇది తెలిసి చూస్తే ఆ ఇద్దరూ పోట్లాటకి దిగే సీన్‌లో నవ్వుతూనే కళ్ళు చెమరుస్తాయి. కాని జాగ్రత్త, మొదటి పది నిమిషాల్లో గొడ్డళ్ళ ముఠా చేసే హత్యలు పచ్చిగా ఉంటాయి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి నేను పెట్టను. బొమ్మలా కనిపించే పోస్టర్ చూసి మోసపోకండి.

జాకీ చానా, చౌనా అని ఒక్కటే ఎంచుకోమంటే, మొదటిసారికి జాకీ చాన్‌కే నా ఓటు. చౌ సగం జోకులు పాత కుంగ్ ఫూ సినిమాలని గుర్తుచేస్తూ వేసినవి. అసలు పాట విన్నాక పేరడీ వింటే వచ్చే నవ్వు వేరు.

దెయ్యాలు, ఆడపోలీసులు, ఇంకా సామో హంగ్

సామో హంగ్‌ని జాకీ చాన్ పక్కన లావుపాటి స్నేహితుడిగా చూసి వదిలేస్తే పెద్ద నష్టం. ఆ ఒంటితో ఆయన వేసే పల్టీని మొదటిసారి చూసినప్పుడు నేను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పెడిక్యాబ్ డ్రైవర్ (1989)లో లావ్ కార్-లియుంగ్‌తో ఆయన చేసిన కర్రసాము, మన పల్లెల్లో కర్రసాము చూసి పెరిగినవాళ్ళకి పండగ. అయితే ఆ సినిమా ఒక దారిలో నవ్వించి ఉన్నట్టుండి గుండె పిండేస్తుంది, వారాంతపు సరదాకి సరిపడదు.

దెయ్యం కామెడీలకి మన దగ్గర ఉన్న అభిమానం చూస్తే మిస్టర్ వాంపైర్ (1985) ఇంకా ఎక్కువమందికి తెలియాల్సింది. నిర్మాత సామో హంగ్. ఇందులో శవాలు రెండు కాళ్ళూ కలిపి గెంతుతూ వస్తాయి. ఊపిరి బిగబట్టి నిలబడితే మనిషి ఉన్నట్టు వాటికి తెలియదు. నుదుటి మీద పసుపు కాగితపు రక్ష అతికిస్తే ఆగిపోతాయి. జిగురు బియ్యం విరుగుడు. చేతబడీ, తాయెత్తులూ కథలుగా విని పెరిగినవాళ్ళకి ఇవేవీ కొత్తగా అనిపించవు, లోపలికి తేలిగ్గా వెళ్ళిపోతారు. లామ్ చింగ్-యింగ్ నవ్వకుండా గంభీరంగా ఉండే మంత్రవేత్త, చుట్టూ ఉన్న శిష్యులు దద్దమ్మలు. ఊపిరి బిగబట్టే సీన్ వచ్చినప్పుడు చూసేవాళ్ళు కూడా బిగబడతారు, నేను చాలాసార్లు గమనించాను.

హీరోయిన్ కొట్టే సినిమా కావాలంటే పోలీస్ స్టోరీ మూడో భాగం (1992). మిషెల్ యో కదిలే రైలు మీదికి మోటార్‌సైకిల్‌తో దూకిన షాట్ అందులోదే. బ్యాలే నేర్చుకున్న అమ్మాయి ఆవిడ. మొదటి రెండు భాగాలు చూడకపోయినా ఇది అర్థమవుతుంది. మోటు జోకులు తక్కువ, జాకీ చాన్‌కి సరిసమానంగా నిలబడ్డ మనిషి ఉంది కాబట్టి నవ్వు కూడా సమానంగా పంచుకున్నారు. ఆడపిల్లలున్న ఇళ్ళకి నేను ప్రాజెక్ట్ ఎ తర్వాత చెప్పే పేరు ఇదే. జెట్ లీ చేసిన ఫాంగ్ సాయ్-యుక్ (1993) కూడా పక్కన రాసుకోండి. అందులో తల్లి పాత్ర వేసిన జోసఫీన్ సియావ్ కొడుకుని మించి నవ్విస్తుంది, కొడుకుతో సమంగా కొడుతుంది.

నవ్వు దెబ్బ పక్కన ఉండేవి

కొరియా వాళ్ళకి ఒపెరా బడి లేదు, వాళ్ళ బలం పరిస్థితి. ఎక్స్‌ట్రీమ్ జాబ్ (2019) చూడండి. మాదకద్రవ్యాల ముఠా మీద నిఘా పెట్టడానికి ఐదుగురు పోలీసులు ఎదురుగా ఉన్న చికెన్ కొట్టు కొంటారు. కొట్టు ఊరికే వేషం. కాని వాళ్ళలో ఒకడు చేసిన చికెన్ అద్భుతంగా కుదిరి, జనం క్యూలు కడతారు. దొంగల్ని పట్టుకోవాలా, ఆర్డర్లు అందించాలా? ఐదు కోట్ల జనాభా ఉన్న దేశంలో కోటీ అరవై లక్షలకి పైగా టికెట్లు తెగాయి. శ్రీను వైట్ల తరహా కన్‌ఫ్యూజన్ కామెడీకి నవ్వేవాళ్ళకి నేను రెండో ఆలోచన లేకుండా ఇచ్చేది ఇదే. ఫైట్ దాదాపు చివరిదాకా రాదు. వచ్చినప్పుడు, అంతదాకా ఉల్లిపాయలు తరిగినవాళ్ళు ఎవరెవరో ఒక్కొక్కరిగా బయటపడతారు. ఆ ఒక్క ఫైట్ కోసం గంటన్నర దాచుకున్న ఓపిక చూసి ముచ్చటేస్తుంది. వేపుడు వాసన లేకుండా చూస్తే అన్యాయం, చికెన్ ముందే తెప్పించుకోండి.

మిడ్‌నైట్ రన్నర్స్ (2017) మనకి కొంచెం తెలిసిందే. రెజీనా, నివేదా థామస్ చేసిన శాకిని డాకిని (2022) దాని రీమేక్. ఇద్దరు పోలీస్ అకాడమీ విద్యార్థులు ఒక అపహరణని కళ్ళారా చూసి వెంటపడతారు. ఇద్దరు కుర్రాళ్ళ స్నేహం ఎంత సరదాగా ఉంటుందో, లోపల నేరం అంత చీకటిగా ఉంటుంది. పిల్లలతో వద్దు. తెలుగుది చూసినవాళ్ళు కూడా కొరియాది చూడొచ్చు. అబ్బాయిల బదులు అమ్మాయిలు వచ్చాక ఏ జోకు నిలిచింది, ఏది మారింది అని పోల్చుకోవడమే ఒక ఆట.

కొరియా నటుడు మా డోంగ్-సోక్ సినిమాలు, ముఖ్యంగా ద రౌండప్ (2022), నాటు మాస్. ఒక్క దెబ్బకి ఒకడు పడతాడు, ఆ చేతిని చూసే మిగతావాళ్ళు భయపడతారు. రక్తం ఎక్కువ. మగ స్నేహితుల గుంపుకి సరే.

థాయ్‌లాండ్ గురించి అడిగితే ఓంగ్ బాక్ (2003). ఊరి బుద్ధుడి తలని దొంగలు ఎత్తుకుపోతే తేవడానికి బ్యాంకాక్ వెళ్ళిన పల్లెటూరి కుర్రాడు టోనీ జా. తాళ్ళు లేవు, గ్రాఫిక్స్ లేవు, మోచేతులూ మోకాళ్ళూ. బ్యాంకాక్ సందుల్లో ఛేజ్ మాత్రం జాకీ చాన్‌కి తమ్ముడే: ముళ్ళతీగ చుట్టలోంచి దూరతాడు, కదిలే బండి కిందనుంచి కాళ్ళు బారచాపి జారతాడు. నవ్వు బాధ్యత పక్కనున్న స్నేహితుడిది. ఎముకలు విరిగే శబ్దాలు గట్టిగా ఉంటాయి, సున్నితమైనవాళ్ళకి చెప్పకండి. ఇండొనేషియా ద రెయిడ్ (2011) ఇంకా భీకరం. అందులో నవ్వేదేమీ లేదు, ఈ జాబితాలోకి రాదు.

తెలుగు డబ్బింగా, అసలు భాషా

ఇది మతం కాదు, సినిమాని బట్టి. 80ల నాటి హాంకాంగ్ సినిమాలు చాలావరకు షూటింగ్‌లో శబ్దం రికార్డు చెయ్యకుండా తీసి, తర్వాత గొంతులు కలిపినవే. అసలు ప్రింటులో కూడా మీరు వినేది చాలాసార్లు ఇంకొకరి గొంతు. కాబట్టి పాత జాకీ చాన్ సినిమాని తెలుగులో చూస్తే ఏదో పోయిందని బెంగపడక్కర్లేదు. పిల్లలు చదవకుండా కళ్ళతో ఫైట్ చూడగలుగుతారు, అది పెద్ద లాభం. చౌ విషయంలో ఆ గొంతు ఎత్తుపల్లాలే సగం నవ్వు, కాంటోనీస్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడండి. చైనాలో ఎక్కువమంది మాట్లాడే మాండరిన్ ట్రాక్ కూడా ఉంటుంది, తొందరలో అది నొక్కకండి. కొరియా సినిమాలు అసలు భాషలోనే. వాళ్ళ మర్యాద మాటలు, పెద్దా చిన్నా తేడాతో మారే పిలుపులు మన మీరు, నువ్వు లాగే పని చేస్తాయి, డబ్బింగ్‌లో అవి చదునైపోతాయి.

నిడివి గురించి భయం వద్దు. పైన చెప్పినవేవీ దాదాపు రెండు గంటలు దాటవు. మన సినిమా ఒకటి చూసే సమయంలో ఒకటిన్నర అయిపోతుంది.

ఆఖరుగా, పేర్లు పడుతున్నప్పుడు టీవీ ఆపకండి. 1981లో ఒక అమెరికన్ సినిమాలో నటించినప్పుడు చివర్లో తప్పిపోయిన షాట్లు చూపించడం జాకీ చాన్‌కి నచ్చి, తర్వాత తన సినిమాలకి అలవాటు చేసుకున్నారు. నేను చిన్నప్పుడు టీవీలో చూసిన ప్రింట్లలో అవి కోసేసేవారు. వాటిని మొదటిసారి పెద్దయ్యాకే చూశాను, అప్పటిదాకా చూసిన ప్రతి ఫైట్ మళ్ళీ చూడాలనిపించింది. రంబుల్ ఇన్ ద బ్రాంక్స్ (1995) చివర చూడండి. దూకిన చోట చీలమండ విరిగింది. షూటింగ్ ఆగకూడదని కట్టు మీద బూటులా రంగు వేసిన మేజోడు తొడుక్కుని మిగతా పని పూర్తి చేశాడు. మా అక్క కొడుకు అది చూసి "మామయ్యా, మొదటినుంచి పెట్టు" అన్నాడు.